అడుగున ఒకరుండాలి

గీతల మాస్టారు జవాబు పత్రాలు దిద్దకముందే ఫలితాలు తేల్చేసేవాడు. అదెలాగంటే, నల్లబల్ల మీద గంట బోర్లించినట్టు ఒక గీత గీసేవాడు. ఎడమ చివర సన్నగా మొదలై, నడుమ బొజ్జలా ఉబ్బి, కుడి చివర మళ్ళీ సన్నబడే గీత. "ఇటు ఇద్దరు గొప్పవాళ్ళు, నడుమ మామూలు జనం, అటు చివర ఒకడు ఫెయిలు. ఇది ప్రకృతి ధర్మం" అని సుద్దముక్క దులుపుకునేవాడు. ఇక మిగిలిందల్లా ఏ చోట ఎవరిని కుదేయాలన్నదే. పరీక్ష పెట్టేది అందుకే. దర్జీ ముందు చొక్కా కుట్టి పారేసి, అది పట్టనివాడి భుజాలు చెక్కినట్టన్నమాట. ఆయనకు ముగ్గురు పిల్లలు. ఒకడు మేధావి, ఒకడు మధ్యరకం, ఒకడు మొద్దు అని వాళ్ళు పుట్టకముందే తేల్చుకున్నాడనీ, ఆ మొద్దు కావలసినవాడు కాస్తా బళ్ళో మొదటివాడుగా వచ్చేసరికి మనిషి మంచం పట్టాడనీ కాలేజీలో చెప్పుకునేవారు.

అది నీళ్ళ సరఫరా ఉద్యోగుల కోసం నడిపే సాయంకాలపు కాలేజీ. పంపులు తిప్పేవాళ్ళు, మీటర్లు చూసేవాళ్ళు, ఫిల్టర్ హౌసులో పటిక కలిపేవాళ్ళు పగలు పనిచేసుకుని, సాయంత్రం వచ్చి నీటి రసాయన శాస్త్రం చదువుకుంటారు. ఏడాది కోర్సు. పాసైతే ఉద్యోగంలో ఒక మెట్టు పైకి.

నిజం చెప్పుకోవాలంటే ఆ గీత పుట్టుకలో కాస్త న్యాయం లేకపోలేదు. మొదటి ఏడాది గీతల మాస్టారు తన పాండిత్యమంతా కుమ్మరించి ఒక పేపరు తయారుచేశాడు. ప్రశ్న అర్థం చేసుకోవడానికే ఒక డిగ్రీ కావాలి. క్లాసులో అందరికంటే ఎక్కువ వచ్చినవాడికి నూటికి ముప్ఫై ఒకటి. పాసు మార్కు ముప్ఫై ఐదు. తప్పు పేపరుదే గాని రాసినవాళ్ళది కాదు కదా! అప్పుడు గీత అడ్డుపడి మార్కులన్నీ పైకి లాగింది. ఆ ముప్ఫై ఒకటివాడు ఫస్టు క్లాసులో పాసై, ఇవాళ పెద్ద పంపుహౌసులో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అందరూ మాస్టారిని నెత్తిన పెట్టుకున్నారు. జ్వరానికి వేసుకున్న మాత్ర పనిచేసింది గదా అని ఆయన జ్వరం లేనప్పుడు కూడా దాన్నే పప్పులో వేసుకు తినడం మొదలెట్టాడు. చిక్కంతా అక్కడ వచ్చింది.

మరుసటి ఏడాది పేపరు బాగానే ఉంది, జనమూ బాగానే రాశారు. అయినా ఒకడు ఫెయిలవాల్సిందే. ఆ ఒకడు తాను కాకూడదని అంతా కంకణం కట్టుకున్నారు. నోట్సు అడిగితే ఇంట్లో మరిచిపోయానన్నారు. ఒకాయన పక్కవాడు ద్రావణం కొలిచే బ్యూరెట్ గొట్టం కొళాయి వదులు చేసి పెట్టాడు. ఇంకొకాయన సీసాల మీద చీటీలు మార్చాడు. రంగు మారాల్సిన నీళ్ళు మారక, మారకూడనివి మారి, ప్రయోగశాల కాస్తా హోళీ ఆడిన వీధిలా తయారైంది. సైన్సు మాటెలా ఉన్నా పక్కవాడి కొంప ముంచడం మాత్రం అందరూ క్షుణ్ణంగా నేర్చుకున్నారు.

సరిగ్గా ఆ దశలో దేవుడు పంపినట్టు బాబాయ్ వచ్చి చేరాడు.

బాబాయ్ ఫిల్టర్ హౌసులో పటిక కలిపే మనిషి. నడివయసు. క్లాసులో అందరికంటే పెద్దవాడు గనక అందరికీ బాబాయే. పనిలో చెయ్యి తిరిగినవాడే కాని, కలం పట్టుకుంటే ఆ చెయ్యే మొద్దుబారిపోయేది. ఆ ఏడాది ఫెయిలయ్యాడు. మళ్ళీ చేరాడు, మళ్ళీ ఫెయిలయ్యాడు. అప్పుడు వెలిగింది క్లాసుకి. ఈయన ఉన్నంతకాలం అడుగు చోటు భర్తీ అయిపోయినట్టే! ఇక కొట్టుకోవడమెందుకు? నోట్సులు చేతులు మారాయి, సీసాల మీద చీటీలు వాటి చోటికి వెళ్ళాయి, బ్యూరెట్లు కారడం మానేశాయి. లీడరని పిలిపించుకునే ఒక పంపు ఆపరేటరు ఏటా చేరికల రోజున బాబాయ్ ఇంటికి స్వయంగా స్కూటరేసుకుని వచ్చేవాడు.

"ఎక్కు బాబాయ్. నువ్వు లేనిదే క్లాసేంటి? నువ్వు మా పునాదివి."

ఏడాది మారినా, క్లాసు మారినా, లీడరు మాత్రం మారేవాడు కాదు. వట్టి పాసు చాలక ఫస్టు క్లాసు తెచ్చుకోవాలని అతనూ ఏటా చేరేవాడు. క్లాసులో బాబాయ్‌కి ఫ్యాను కింద బల్ల. విరామంలో టీ, బిస్కెట్లు. ఇష్టంలేని షిఫ్టులు ఎవరో ఒకరు చేసిపెట్టేవారు. "పునాది" అన్న మాటకి ఆయన చంకలు గుద్దుకున్నాడే గాని, పునాది మీద అందరూ నిలబడతారన్న సంగతి బుర్రకెక్కించుకోలేదు. నిరుడు అరవై రెండు మార్కులు వచ్చి ఫెయిలయ్యాడు. అరవై రెండు! ముప్ఫై ఒకటి వచ్చినవాడు కుర్చీలో ఊగుతున్నాడు, దానికి రెట్టింపు తెచ్చుకున్నవాడు పటిక బస్తాలు మోస్తున్నాడు. అయినా టీ తాగేసి నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

ఈ ఏడాది మాత్రం రెండు సంగతులు జరిగాయి. ఫిల్టర్ హౌసు షిఫ్టు ఇన్‌ఛార్జి పదవీ విరమణకు దగ్గరపడ్డాడు. ఆ కుర్చీ వరసలో బాబాయ్‌దే, కోర్సు పాసైతే. పాసు కాకపోతే ఆయన కంటే చిన్నవాడొకడు వచ్చి ఆయన నెత్తిన కూర్చుంటాడు. రెండో సంగతి, అత్తగారు వచ్చి వాళ్ళింట్లో ఉండసాగింది.

అత్తగారు బళ్ళో సైన్సు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎముకల గూడులా ఉంటుందిగాని నోరు తెరిస్తే వీధి సర్దుకుంటుంది. ఆమె దగ్గర చదివినవాళ్ళు ఇప్పటికీ ఎదురుపడితే చేతులు కడుక్కున్నామో లేదో చూసుకుంటారట.

చేరికల రోజున లీడరొచ్చి పునాది పాట పాడి వెళ్ళాక, ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"అల్లుడుగారూ, ఆ అబ్బాయి మిమ్మల్నేమన్నాడూ?"

"పునాదినన్నాడండీ అత్తయ్యగారూ. అభిమానం."

"ఊఁ. నీళ్ళ కాఠిన్యం ఎలా కొలుస్తారు?"

బాబాయ్ గడగడా చెప్పేశాడు. బ్యూరెట్లో ద్రావణం చుక్కచుక్కగా వదలాలి, నీళ్ళు ద్రాక్షరంగు నుంచి నీలానికి తిరిగిన చుక్క దగ్గర ఆపెయ్యాలి, అప్పుడు లెక్క కట్టాలి.

"మరి వచ్చు కదా! ఫెయిలెందుకవుతున్నారు?"

"ఎవరో ఒకరు ఆఖరున ఉండాలి కదండీ."

అత్తగారు ఆయన వంక పురుగు పట్టిన వంకాయని చూసినట్టు చూసింది.

"ఏమే" అని కూతుర్ని పిలిచింది. "మీ ఆయన్ని చూసి పన్నెండు మంది పాసవుతున్నారట. ఆ కాలేజీవాళ్ళు ఈయనకి జీతమేమన్నా ఇస్తున్నారా?"

"బిస్కెట్లు పెడతారమ్మా" అంది బాబాయ్ భార్య, తలెత్తకుండా బట్టలు మడతపెడుతూ. "ఈసారి ఆ కుర్చీ కూడా బిస్కెట్లకి ఇచ్చేసి వస్తారు, చూస్తూండు."

బాబాయ్‌కి ఆ మాట సూదిలా దిగింది. మర్నాడు పొద్దున్నే షిఫ్టు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అత్తగారి ముందు పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు.

ఆమె చదువు చెప్పే పద్ధతి వేరు. పొగడదు. తప్పు చెబితే "అలాగా! అయితే ఆ నీళ్ళు ముందు మీరే తాగండి" అంటుంది. ఒప్పు చెబితే తర్వాతి ప్రశ్నకి పోతుంది. ఒకరోజు బాబాయ్ ధైర్యం చేసి గీత సంగతెత్తాడు. పేపరు కష్టంగా వచ్చినప్పుడు అది మంచిదే కదా అన్నాడు.

"పేపరు తప్పయితే మార్కులు సర్దడం న్యాయమే, కాదనను. తప్పు చేసినవాడు దిద్దుకుంటున్నాడు. పేపరు సరిగ్గా ఉన్నప్పుడు కూడా సర్దుతున్నాడంటే వాడికి పేపరు పెట్టడమూ రాదు, పాఠం చెప్పడమూ రాదు. గీత గీయడమొక్కటే వచ్చు. అది మా బళ్ళో ఒకటో తరగతి పిల్లలకీ వచ్చు."

పరీక్షలు దగ్గరపడుతుండగా ప్రయోగశాలలో బాబాయ్ నీళ్ళ కాఠిన్యం మూడుసార్లు కొలిచి మూడుసార్లూ ఒకే అంకె తెచ్చాడు. అదీ సరైన అంకె. లీడరు అది చూసి, మర్నాడే నలుగురిని వెంటేసుకుని ఇంటికొచ్చాడు.

"బాబాయ్, నువ్వు చదువుతున్నావట! నిజమేనా?"

"ఏదో... కొంచెం" అంటూ బాబాయ్ నీళ్ళు నమిలాడు.

"ఇంత మోసమా బాబాయ్! నిన్ను నమ్ముకుని మేమెవరమూ పుస్తకం తెరవలేదు. ఇప్పుడు నువ్వు చదివితే మా పెళ్ళాం పిల్లలు ఏమైపోవాలి? ఒక్క మాట చెప్పు, ఇన్నాళ్ళూ నీకేం తక్కువ చేశాం? ఫ్యాను కావాలంటే ఫ్యానిచ్చాం!"

"అది కాదురా, ఇన్‌ఛార్జి పోస్టు..."

"పోస్టుదేముంది బాబాయ్, వచ్చే ఏడాది చూసుకోవచ్చు. నీకు ఫెయిలవడం అలవాటే కదా. మాకు కొత్త!"

లోపలి నుంచి అత్తగారి గొంతు వినబడింది. "ఆ అబ్బాయి సిగ్గు ఇంట్లోనే వదిలేసి వచ్చినట్టున్నాడు. వెళ్ళి తెచ్చుకోమనండి అల్లుడుగారూ, గుమ్మం తెరిచే ఉంచుతాం."

అందరూ తోక ముడిచారు. ఒక్క మీటరమ్మాయి మాత్రం గేటు దగ్గర ఆగిపోయింది. ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసే పిల్ల. తిరిగీ తిరిగీ చదవడానికి పొద్దు చాలదు. క్లాసులో బాబాయ్‌కి సరిగ్గా ఒక మెట్టు పైన ఉండేది ఈ ఏడాది ఆమే. బాబాయ్ లేస్తే పడేదీ ఆమే. పాసైతే ఎండలో తిరగడం తప్పి లాబొరేటరీలోకి మారుస్తారని ఎదురుచూస్తోంది.

"అమ్మాయ్, నువ్వేం అనవేంటమ్మా?" అన్నాడు బాబాయ్.

"ఏమనాలి బాబాయ్ గారూ? నా కోసం అడుగున ఉండమని నేనెప్పుడన్నా మిమ్మల్ని అడిగానా? వాళ్ళు రమ్మంటే వచ్చాను, సిగ్గేసింది. చదువుకోండి. నేనూ చదువుతాను. పడితే పడతాను." గేటు వేసి చకచకా వెళ్ళిపోయింది.

ఆ పూట బాబాయ్‌ పుస్తకం తెరిచి కూర్చున్నాడు. పాసవ్వాలి, నిజమే. కానీ తాను పైకెక్కాలంటే ఆ పిల్ల భుజాల మీద కాలు పెట్టాలి. ఇన్నేళ్ళూ తన భుజాల మీద ఎన్ని కాళ్ళున్నాయో ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది. పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"ఏమైంది?" అంది అత్తగారు.

చెప్పాడు.

"మీ మాస్టారికి కావలసింది అడుగున ఒక మనిషి. అంతే కదూ?"

"అంతేనండీ."

"ఫలానా మనిషేనని ఏమన్నా ఉందా?"

"ఎవరైనా ఒకటేనండీ ఆయనకి."

"క్లాసులకి రాకుండా పరీక్ష రాయనిస్తారా?"

"ఫీజు కడితే ఎవరినైనా రాయనిస్తారు."

"అయితే రేపు నన్ను తీసుకెళ్ళి ఫీజు కట్టించండి. అడుగున నేనుంటాను."

"మీరా! మీరు ఫెయిలవడమా! అత్తయ్యగారూ, జన్మంతా సైన్సు చెప్పిన మీరు..."

"ఫెయిలైతే నా జీతం ఆగుతుందా, ఉద్యోగం ఊడుతుందా? వాడికి ఒక వెధవ కావాలంటున్నాడు కదా, తెలిసినదాన్ని, ఓపికున్నదాన్ని, నేను సరఫరా చేస్తాను. మీరు చదవండి, ఆ పిల్లకి కబురు పెట్టి ఇక్కడే చదువుకోమనండి. మీ లీడరు మాత్రం చావనీ, చదువుకుని చావనీ."

లీడరు చావలేదుగాని నిజంగానే చదివాడు. ప్రాణం మీదికొచ్చేసరికి క్లాసంతా చదివింది. ఆ కాలేజీ పుట్టాక అంత చదువు ఆ గోడలు చూసి ఎరగవు.

పరీక్షనాడు అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని వచ్చి కూర్చుంది. పేపరు చాలా మామూలుగా ఉంది. ఒక్కో ప్రశ్నా చదువుతుంటే చెయ్యి జిలపెట్టేది. జన్మంతా జవాబులు చెప్పిన చెయ్యి కదా! ఒకసారి కలం దానంతటదే కాగితం మీద ఆనింది కూడా. చటుక్కున చెయ్యి తీసి తొడకింద వేసుకుని కూర్చుంది. మూడు గంటలూ అలాగే కూర్చుని, తెల్లకాగితం మడత నలగకుండా ఇచ్చేసి వచ్చింది. "ఇంత కష్టమైన పరీక్ష నేనెప్పుడూ రాయలేదు" అంది ఇంటికొచ్చి, తిమ్మిరెక్కిన చెయ్యి రుద్దుకుంటూ.

ఫలితాలు బోర్డు మీద పెట్టి, ఎవరి మార్కుల చీటీ వాళ్ళకిచ్చారు. గీతల మాస్టారి ఆనవాయితీ ప్రకారం రెండు వరుసలు. వచ్చిన మార్కులొక వరుస, సర్దిన మార్కులింకొక వరుస. సర్టిఫికెట్ మీదికెక్కేది రెండోదే.

బాబాయ్‌కి వచ్చినవి ఎనభై ఒకటి. సర్దినవి నలభై ఆరు. పాస్. మీటరమ్మాయికి వచ్చినవి డెబ్భై తొమ్మిది, సర్దినవి నలభై. పాస్. అందరూ ఎనభైల దగ్గర గుమిగూడితే గీత బొజ్జ ఒక పక్కకి జారిపోతుందని, పట్టుకుని లాగి, చెరో మూలకీ పరిచాడు మహానుభావుడు. పాసయ్యానన్న సంతోషంలో బాబాయ్‌కి ఆ నలభై ఆరు ముందు కంటికి ఆనలేదు. అత్తగారి పేరు మాత్రం వెతికాడు. ఫెయిలు. ఆమెకి వచ్చినవి సున్నా. సర్దినవి ఇరవై ఎనిమిది.

"అదేమిటి?" అంది అత్తగారు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివింది. "ఇరవై ఎనిమిదా? దేనికి?"

ఆమె నడక ఎప్పుడు మొదలైందో బాబాయ్‌కి తెలియలేదు. ఆయన వెళ్ళేసరికి మాస్టారి బల్ల ముందు నిలబడి ఉంది.

"కూర్చోండమ్మా" అన్నాడు గీతల మాస్టారు, జాలిగా. "బాధపడకండి. ఈ వయసులో కెమిస్ట్రీ కష్టమే. వచ్చేసారి ఇంకొంచెం చదివితే..."

"నేనేమీ రాయలేదు బాబూ. తెల్లకాగితం ఇచ్చాను. దానికి ఇరవై ఎనిమిది మార్కులు ఎలా వేశారు?"

"అదా! మీది మరీ దూరంగా పడిపోయిందమ్మా. వాళ్ళందరూ ఇక్కడ, మీరు ఎక్కడో అక్కడ. నడుమ ఖాళీ. గీత తెగిపోతుంది. అందుకని కొంచెం దగ్గరికి లాగాను."

"ఎనభై ఒకటి తెచ్చుకున్నవాడిని నలభై ఆరుకి తోసి, ఏమీ రాయనిదాన్ని ఇరవై ఎనిమిదికి లాగావన్నమాట. ఇంకొంచెం లాగితే నేను పాసైపోయి నీళ్ళలో ఏం కలపాలో చెప్పేదాన్నేమో! నాకవసరం లేదు. నా సున్నా నాకిచ్చెయ్యి."

మాస్టారు బుర్ర గోక్కున్నాడు. "మార్కులు పెంచమని అర్జీ పెట్టుకోవచ్చమ్మా. తగ్గించమని అడిగే పద్ధతి మా కాలేజీలో లేదు."

"ఇవాళ్టి నుంచి పెట్టు."

తలుపు దగ్గర జనం మూగారు. లీడరు బాబాయ్ చెవిలో గుసగుసలాడాడు. "బాబాయ్, నీకు దణ్ణం పెడతాను, మీ అత్తగారిని తీసుకుపో. ఆయనకి తిక్క రేగితే మొత్తం రద్దు చేసిపారేస్తాడు. నీ పోస్టు పోతుంది, నా క్లాసు పోతుంది."

మాస్టారి చెవికి ఆ మాట సోకింది. కుర్చీలో నిటారుగా అయ్యాడు. "అవును. ఒక్కరిది మారిస్తే గీత మొత్తం మారుతుంది. అప్పుడు ఫలితాలన్నీ రద్దు చేసి, మళ్ళీ పరీక్ష పెట్టాల్సి ఉంటుంది. మీ ఇష్టం."

అందరూ బాబాయ్ వైపు చూశారు. ఇన్నేళ్ళూ చూసినట్టే, ఈయన సర్దుకుంటాడులే అన్నట్టు. జేబులో పాసు చీటీ ఉంది. అత్తగారి మోచెయ్యి పట్టుకుని "పదండి" అంటే చాలు, షిఫ్టు ఇన్‌ఛార్జి కుర్చీ తనది. బాబాయ్ ఆ చీటీ తీశాడు. నలభై ఆరు. దాన్ని మాస్టారి బల్ల మీద పెట్టాడు.

"రద్దు చేయండి సార్."

"బాబాయ్!" అని లీడరు కెవ్వుమన్నాడు.

"మళ్ళీ పెట్టండి. రేపే పెట్టండి. మళ్ళీ రాస్తాను. నాకు వచ్చు."

"నాకూ వచ్చు" అంటూ వెనక నుంచి మీటరమ్మాయి కూడా చీటీ తెచ్చి పక్కన పెట్టింది.

గీతల మాస్టారు ఆ చీటీల వంక చూశాడు. మళ్ళీ పరీక్షంటే మళ్ళీ పేపరు తయారుచేయాలి. మళ్ళీ అన్ని కాగితాలూ దిద్దాలి. అదీ ఈసారి రాసేవాళ్ళు ఇంకా బాగా రాస్తే గీత ఇంకా వికారంగా తయారవుతుంది. రాబోయేవి సెలవులు. ప్రకృతి ధర్మం గొప్పదే కాని సెలవుల కంటే గొప్పది కాదు. న్యాయానికి లొంగడం ఆయన వల్ల ఎన్నడూ కాలేదు, బద్ధకానికి మాత్రం ఇట్టే లొంగిపోయాడు. ఎర్ర సిరా తీసి, పట్టికలోనూ చీటీల్లోనూ సర్దిన మార్కుల వరుస పైనుంచి కిందికి కొట్టేసి, పక్కన సంతకం గీకాడు.

"తీసుకోండి. ఎవరివి వాళ్ళకే. చూడండి ఎంత అసహ్యంగా ఉందో! పదమూడు మందీ ఒకేచోట కుప్ప. దీనికొక ఆకారమా పాడా!"

"నాది?" అంది అత్తగారు, తన చీటీ ముందుకు తోస్తూ.

"సున్నా అమ్మా, సున్నా! తీసుకెళ్ళండి!"

ఆమె ఆ సున్నా చీటీ ఒకసారి పరకాయించి చూసి, తృప్తిగా తలాడించి, సంచిలో పెట్టుకుంది. లీడరు తనకి ఎనభై నాలుగొచ్చాయని కనిపించినవాడికల్లా చెబుతూ, ఇదంతా తానే సాధించినట్టు మెట్లు దిగిపోయాడు. బాబాయ్, అత్తగారు రోడ్డెక్కారు. ఆయన చీటీని ఒకటికి రెండుసార్లు చూసుకుంటున్నాడు. ఆమె ఏదో ఒక మంచి మాట అంటుందని చెవి అటే పెట్టాడు.

"ఎనభై ఒకటేనా అల్లుడుగారూ?" అందామె. "పటిక ప్రశ్న అంత తేలిగ్గా ఇస్తే, అక్కడేం వెలగబెట్టారు?"

"మొత్తం రాశానండీ, ఆఖర్న లెక్కలో..."

"ఆఖర్న లెక్కలో! ఏం చేశారు, చెప్పండి. మొదట్నుంచి చెప్పండి."

చేతులు గాల్లో తిప్పుకుంటూ బాబాయ్ మొదట్నుంచి చెప్పడం మొదలెట్టాడు.